టోపీలో రాయి

ఊలిగ్ గారింట్లో పైగది అద్దెకు తీసుకునేటప్పుడు ఆవిడ కావ్యశ్రీకి పెట్టిన షరతు ఒక్కటే: వంటింట్లో టీ, కాఫీ కాయకూడదు. ఆవిడ మోర్మన్, అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ మనిషి. వాళ్లకు ఆ రెండూ నిషిద్ధం. నిర్మల్ నుంచి గనుల చదువుకోసం వచ్చిన పిల్లకు పొద్దున్నే గొంతులో టీ చుక్క పడకపోతే కన్ను తెరుచుకోదు. అయినా జర్మనీలోని ఈ ఫ్రైబర్గ్‌లో గది దొరకడమే గగనమైన రోజులు కనుక తలూపింది. పైన కెటిల్ పెట్టుకుని గుట్టుగా కాచుకునేది. వాసన కిందికి వచ్చినా ఊలిగ్ గారు రానట్టే ఉండేవారు.

ఆవిడకు డెబ్బై దాటాయి. భర్త పోయాక ఒంటరిగా ఉంటున్నారు. దేశం రెండు ముక్కలై ఉన్నప్పుడు ఈ ఊరు తూర్పు ముక్కలో ఉండేది. దేవుడి పేరెత్తే కుటుంబాల పిల్లలకు పెద్ద చదువులు అందని కాలంలో కూడా ఆవిడ మతాన్ని వదల్లేదు. ఊరి చివర మోర్మన్ల ఆలయం కడుతున్నప్పుడు భర్త ఇటుకలు మోస్తే, ఆవిడ పనివాళ్లకు సూప్ వండిపెట్టారట.

ఆదివారం చర్చి నుంచి రాగానే పైకి కేకేసేవారు. బల్లమీద ఐయర్‌షెకే కేకు, బార్లీ గింజలు వేయించి చేసిన ఉత్తుత్తి కాఫీ. తింటున్నంతసేపూ ఆవిడ తన పవిత్రగ్రంథం పుట్టుక చెబుతుండేవారు. సోఫా పైన ఒక బొమ్మ వేలాడుతుంటుంది. అందులో తమ ప్రవక్త జోసెఫ్ స్మిత్ బల్ల ముందు కూర్చుని, బంగారు రేకులు తెరిచి, ఒక్కో వరుస మీదా వేలు పెట్టి చదువుతుంటాడు. మొరోనీ అనే దేవదూత కొండవాలున రాతిపెట్టెలో ఉన్న ఆ రేకుల్ని ఆయనకు చూపించాడు. వాటిమీద ఈజిప్టు లిపిని పోలిన, ఎవరికీ చదవరాని రాత. చదవడానికి కళ్లద్దాల్లా బిగించిన రెండు రాళ్లు పక్కనే ఉన్నాయి. అలా చదివి గ్రంథం రాయించడం పూర్తయ్యాక దేవదూత రేకులు వెనక్కి తీసుకుపోయాడు.

కావ్యశ్రీ ఎన్నడూ నవ్వలేదు. తమ ఇంట్లో మాత్రం మహిమలకేం తక్కువ? అయితే లోహాల గురించి చదివే పిల్ల కనుక, బంగారాన్ని రాయడానికి వీలుగా అంత పలచగా సాగగొట్టొచ్చా అన్న సందేహం పీకుతుండేది. ఒకరోజు ఫోన్‌లో వెతికితే మోర్మన్ చర్చి వాళ్ల సొంత పేజీయే దొరికింది. చదివేకొద్దీ ఉత్సాహం ఎక్కువైంది. తర్వాతి ఆదివారం కేకు నోట్లో పెట్టుకుంటూనే అందుకుంది.

"ఫ్రౌ ఊలిగ్, మీ ప్రవక్తకు అంజనం చూడటం వచ్చని ఎప్పుడూ చెప్పలేదేమండీ?"

"అంజనమా? అదేమిటి?"

వచ్చీరాని జర్మన్‌లో తంటాలుపడి చెప్పింది కావ్యశ్రీ. "మా వైపు ఏదైనా వస్తువు పోతే తమలపాకు మీద నల్లటి కాటుక రాసి, చిన్నపిల్లల్ని తదేకంగా చూడమంటారు. ఆ నలుపులో పోయిన వస్తువు కనబడుతుంది. మా నాయనమ్మ చెవికమ్మ అలాగే దొరికింది. మీ ప్రవక్తదీ అదే పద్ధతి కదా! బావి తవ్వుతుంటే దొరికిన గోధుమరంగు రాయిని టోపీలో వేసి, వెలుతురు చొరబడకుండా టోపీలో ముఖం పెట్టి, రాయిలో కనబడే మాటలు పైకి చెబుతుంటే ఇంకొకరు రాసుకునేవారట. రేకులేమో బట్టలో చుట్టి పక్కన పెట్టి ఉండేవట."

ఊలిగ్ గారి చేతిలో చెంచా ఆగిపోయింది. కావ్యశ్రీ ఇంకా నవ్వుతూనే ఉంది. ఆవిడ కళ్లు చూశాక ఆ నవ్వు ముఖమ్మీదే గడ్డకట్టింది.

"యెన్స్ ఫోన్ చేశాడా నీకు?" అన్నారావిడ. ఆ గొంతు కావ్యశ్రీ అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

"యెన్స్ ఎవరండీ?"

"నా కొడుకు. ఈ బల్ల దగ్గరే, నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, అక్షరం పొల్లుపోకుండా ఇదే అబద్ధం చెప్పాడు. ఆ పూటే బయటికి పంపేశాను. వాళ్ల నాన్న పోయినప్పుడు వచ్చి నా పక్కన నిలబడబోతే పక్కకు జరిగాను. మా ప్రవక్త మీద శత్రువులు పుట్టించిన కూతలు మోసుకొచ్చేవాడు నాకు కొడుకు కాడు. ఇప్పుడు నిన్ను పట్టుకున్నాడన్నమాట!"

ఈవిడకు కొడుకున్నాడా? ఏడాదిగా కావ్యశ్రీ ఈ ఇంట్లో ఉంటోంది. ఒక ఫొటో లేదు, ఒక మాట లేదు.

"ఎక్కడ విన్నావో చెప్పు!"

అబద్ధమాడదామా అని ఒక్క క్షణం అనిపించింది. "మీ చర్చి వాళ్ల పేజీలోనేనండీ. జర్మన్‌లోనే ఉంది" అంటూ ఫోన్ ముందుకు జరిపింది.

ఊలిగ్ గారు కళ్లద్దాలు పెట్టుకున్నారు. పైన చర్చి పేరుంది. కింద రాయి ఫొటో ఉంది. కోడిగుడ్డంత, చారలు చారలుగా, కరీంనగర్ గుట్టల్లో దొరికే ఇనుపరాయిలా ఉంది. ఆవిడ ప్రతి వాక్యమూ పెదాలు కదుపుతూ చదివారు. చివరిదాకా వెళ్లి, మళ్లీ పైకి వచ్చి, చర్చి పేరు ఇంకోసారి చూశారు. ఫోన్ బల్లమీద పెట్టి, లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు.

కావ్యశ్రీ పైకి పరిగెత్తి, క్లాస్‌మేట్ గిరిజకు ఫోన్ చేసింది.

"ఆమెకు ఏమన్న అయితదేమోనని మస్తు భయమైతుందే."

"నీకెందుకే గా ముచ్చట? ఆమె దేవుడు ఆమెకు. మనింటికొచ్చి ఎవరన్న మీ దేవుని సంగతి గిదంట గదా అంటే ఊకుంటమా?"

"నేను తిట్టలేదే. మంచిగనే అన్న."

"గట్లనే ఉంటది మంచి! ఇగ రూమ్ ఖాళీ చెయ్యమంటె ఏడికి పోతవ్? మళ్ల కొత్త అడ్రస్ రాయించే ఆన్‌మెల్డుంగ్‌కు అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరకాలె?"

సాయంత్రం కింద తలుపు చప్పుడైంది. క్షమించమని అడుగుదామని కావ్యశ్రీ మెట్లు దిగింది. ఊలిగ్ గారు చర్చికి వేసుకున్న బట్టల్లోనే సోఫాలో కూర్చుని ఉన్నారు.

"మీ నమ్మకాన్ని గాయపరచాలని అనలేదండీ" అంది తల వంచుకుని.

"నా నమ్మకమా?" ఆవిడ తలెత్తారు. "కళ్లద్దాల్లో చూపించిన దేవుడు టోపీలో చూపించలేడా? నా నమ్మకానికేం కాలేదు. మా బిషప్‌కు ఫోన్ చేసి అడిగాను. 'ఔను సిస్టర్, ఇప్పుడందరికీ తెలిసిన సంగతేగా' అన్నాడు. అందరికీ తెలుసట, కావ్యా! నాకొక్కదానికే తెలియదు." "నా కొడుకు నిజం చెప్పాడు. నిజం చెప్పినందుకు వాణ్ణి గెంటేశాను."

రాయి సంగతి విని విశ్వాసం కూలిపోతుందని భయపడింది కావ్యశ్రీ. కూలింది మరొకటి.

"నంబరు చెబుతాను, నువ్వు నొక్కు."

ఎన్నడూ చేయని ఆ నంబరు ఆవిడకు కంఠతా వచ్చు. కావ్యశ్రీ తన ఫోన్‌లో కలిపి స్పీకర్ పెట్టింది.

"యెన్స్ ఊలిగ్" అంది అవతలి గొంతు.

"నమస్కారమండీ. నేను ఫ్రైబర్గ్‌లో మీ అమ్మగారింట్లో అద్దెకుంటాను."

చాలా మెల్లగా వచ్చింది ప్రశ్న. "ఎప్పుడు పోయింది?"

ఆ తల్లికీ కొడుక్కీ మధ్య చావు కబురు తప్ప ఇంకేదీ మిగల్లేదా! ఊలిగ్ గారు రెండు చేతులతో సోఫా అంచు పట్టుకున్నారు.

"బతికే ఉన్నానురా. యెన్స్... ఆ టోపీ సంగతి. నువ్వు చెప్పింది నిజమే."

"టోపీనా?" అతని గొంతు పగిలింది. "అమ్మా, ఆ టోపీని నేనెప్పుడో మరిచిపోయాను. ఇన్నేళ్లకు అది చెప్పడానికా ఫోన్ చేశావు?"

"కాదు. నిన్ను అబద్ధాలకోరన్నాను. అది చెప్పడానికి."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "మళ్లీ చేస్తాను" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

మళ్లీ చేయలేదు. ఆ వారమంతా ఊలిగ్ గారు వీధి తలుపుకు ఎదురుగా కూర్చునే తిన్నారు. కావ్యశ్రీకి లాబ్‌లో పని సాగలేదు. ఇంట్లో అడుగుపెట్టగానే ముందు ఆవిడ ముఖం చూసేది. ఆవిడ అడ్డంగా తలూపేవారు.

శనివారం కార్ల కర్మాగారమున్న దూరపు ఊరు వోల్ఫ్స్‌బర్గ్ నంబరున్న కారు ఇంటి ముందు ఆగింది. ఆ కర్మాగారం పేరున్న కోటు తొడుక్కున్న బట్టతల మనిషి దిగాడు. వెనక సీట్లోంచి పదేళ్ల పిల్ల కూడా దిగింది. ఊలిగ్ గారు గుమ్మంలో నిలబడి ఆ పిల్లనే చూస్తున్నారు.

"లీనా" అన్నాడు యెన్స్. "నా కూతురు."

ఆవిడ మెట్టు దిగబోయి తూలారు. కావ్యశ్రీ పట్టుకోబోయేంతలో అతనే రెండంగల్లో వచ్చి పట్టుకున్నాడు. పదేళ్లుగా తనకు మనవరాలుందని ఆవిడకు తెలియదు. ఏడవను కూడా లేదు. నోరు తెరుచుకుని, ఆ పిల్ల నుదురు, చెవులు, జడ తడిమి చూస్తూ ఉండిపోయారు. లీనా బెదిరి తండ్రి వైపు చూస్తే, ఫరవాలేదన్నట్టు అతను తలూపాడు.

క్షమించానని అతను అన్నాడో లేదో కావ్యశ్రీకి తెలియదు. ఆ పూట తను పైనే ఉండిపోయింది. మర్నాడు పొద్దున ఊలిగ్ గారు ఎప్పటిలాగే నీలం గౌను వేసుకుని, గ్రంథం చేతపట్టుకుని బయల్దేరారు. యెన్స్ లీనానూ ఎక్కించుకుని కారులో చర్చి గుమ్మం దాకా తీసుకెళ్లాడు. లోపలికి రమ్మని ఆవిడ అడగలేదు. వస్తానని అతనూ అనలేదు. ప్రార్థన ముగిసి ఆవిడ బయటికి వచ్చేసరికి, అద్దాలు దించుకుని సీటు వెనక్కి వాల్చి కారులో నిద్రపోతున్నాడట. ఆవిడ లేపలేదట. కారు పక్కన ఆడుకుంటున్న లీనా చెయ్యి పట్టుకుని, అతను లేచేదాకా అక్కడే నిలబడ్డారట.