కప్పు కింద పరుగు

వరమ్మ ఏడవలేదని మిషన్ కాంపౌండులో అందరికీ కోపం. పదహారేళ్ళ కొడుకు పోతే కన్నతల్లి కంట చుక్క నీరు రాలకపోవడం ఏమిటని బావి దగ్గర కొందరు, చర్చి మెట్ల మీద కొందరు బుగ్గలు నొక్కుకున్నారు. ఎసటి మూతికి మూకుడుంటుంది గానీ ఊరి మూతికి ఎక్కడి మూకుడు? ఏడుపేమన్నా ఇంట్లో ఉన్న ఉప్పా, అడిగినవాళ్ళకల్లా దోసిట్లో పోసి ఇవ్వడానికి? ఆమెకు రాలేదు, అంతే.

కడపకు ఉత్తరాన, పెన్న ఇసుక కనిపించేంత దూరంలో ఉండేది ఆ కాంపౌండు. అక్కడి బంగళాలో ఉండే అమెరికా దొరసానమ్మకు వరమ్మ వంట చేసేది. భర్త ఓబన్న అదే కాంపౌండులో నిమ్మచెట్లకు పాదులు తీసి నీళ్ళు కట్టేవాడు. వాళ్ళకున్నది ఒక్కడే కొడుకు, లేవి. మిషన్ బడిలో చదువు అంతంత మాత్రమే గానీ పరుగులో వాణ్ణి పట్టేవాడు లేడు. ఆగస్టులో బడి పండుగనాడు జ్వరం దాచుకుని పందెంలో దిగాడు. ఆ సంగతి అయ్యవార్లకు తెలియదు, ఇంట్లోనూ తెలియదు. ఏటి వరకు పోయి తిరిగి వచ్చే పందెం. సున్నం గీత ఇంకొంచెం దూరంలో ఉందనగా పడిపోయాడు.

వరమ్మ ఆ వేళ బంగళా వంటింట్లో అతిథుల కోసం వడలు వేస్తోంది. ఒక పిల్లవాడు వచ్చి, "అత్తా, లేవి పడినాడు" అన్నాడు. పరిగెత్తే పిల్లలు పడరా? "ఈ వాయి దించి వస్తాండా, పో" అంది. వాయి దించింది, చేతులు కడుక్కుంది, పోయింది. అప్పటికే వాణ్ణి ఆసుపత్రి వరండాలో బెంచీ మీద పడుకోబెట్టి ముఖం మీద తువ్వాలు కప్పేశారు.

మొదట వాణ్ణి ఎత్తుకున్నది ఓబన్న. వాడి చివరి మాటలు విన్నదీ ఓబన్నే. ఆ మాటలేమిటో వరమ్మ అడగలేదు. ఓబన్న రెండుమూడుసార్లు చెప్పబోయాడు. "వాడేమన్యాడంటే" అని మొదలుపెట్టగానే ఆమె లేచి పొయ్యిలో కట్టె ఎగదోయడానికి పోయేది. చెప్పక్కరలేదు, ఆమెకు తెలుసు. అమ్మా అని పిలిచి ఉంటాడు. రెండోసారి కూడా పిలిచి ఉంటాడు. ఆ సమయానికి తాను చట్టిలో వడలు తిరగేస్తూ ఉంది. ఇది చెవులతో వినడం కన్నా చావడం మేలనుకుంది. దాంతో మొగుడూపెళ్ళాల మధ్య మాటలే తగ్గిపోయాయి. అన్నం పెట్టేది, తినేవాడు. ఉప్పు లేకపోయినా ఆమె గమనించేది కాదు, ఆయన అడిగేవాడు కాదు. నిద్రలో ఒంటి కింద నలిగిన చెయ్యి తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, ఆమె ఒళ్ళంతా అలా ఉండేది.

ఫిబ్రవరి చివరలో దొరసానమ్మ నిమ్మకాయ ఊరగాయ జాడీలకు మూతులు కట్టమని పాత పేపర్లు ఇచ్చింది. ఆమె చెల్లెలు అమెరికాలోని సొంత ఊరినుంచి పంపే పేపర్లవి. ఓడలో వచ్చి, రైలెక్కి, ఎద్దుబండి దిగేసరికి రెండు నెలలు పాతబడి ఉండేవి. వరమ్మ ఒకటి చింపబోయి ఆగింది. అందులో ఒక బొమ్మ. చెడ్డీ వేసుకున్న బక్క పిల్లవాడు గడ్డం పైకెత్తి, నోరు తెరిచి పరిగెత్తుతున్నాడు. లేవి కూడా అలాగే గడ్డం ఎత్తేవాడు. కాకులు నోట్లో దూరుతాయిరా అని ఓబన్న ఎగతాళి చేసేవాడు.

"ఈ పిల్లోడు ఎవురమ్మా?" అని అడిగింది.

ఆరు నెలలుగా నోరు తెరిచి ఒక్క మాట అడగని మనిషి అడిగేసరికి దొరసానమ్మ చేతిలో ఉన్న పని వదిలేసి వచ్చింది. ఆమె తెలుగు నేర్చుకున్నది బైబిలు చదివి. అందుకని కోడి ధర అడిగినా ప్రవక్త మాట్లాడినట్లే ఉండేది.

"ఈతడు ఎడ్విను. మా పట్టణమువాడు. పరుగుపందెములలో మిక్కిలి వేగముగా పరుగెత్తువాడు."

"పైన కప్పు కనపడతాంది. ఇంట్లో పరిగెత్తుతాండాడా?"

"బయట హిమము పడుచున్నది వరమ్మా. చలికాలమంతయు గొప్ప శాలలో చెక్కపలకలు పరచి, వాటిమీద పరుగెత్తుదురు. పదకొండు చుట్లు తిరిగిన యెడల ఒక మైలు."

"గానుగెద్దు మాదిరి తిరగల్లనా, పాపం" అంది వరమ్మ. ఆ పేపరును జాడీకి కట్టలేదు.

అప్పటినుంచి టపా వచ్చిన ప్రతిసారీ వరమ్మ చేతులు తుడుచుకుని వరండాలో నిలబడేది. దొరసానమ్మ చదివి చెప్పేది. ఒక పందెంలో ఎడ్విను మొదట వచ్చెను. ఇంకొక పట్టణంలో రెండవవాడుగా వచ్చెను. మలుపు దగ్గర పలకలు చేట అంచులా ఎత్తుగా ఉంటాయని, ముందున్నవాణ్ణి అక్కడ దాటడం కష్టమని వరమ్మకు తెలిసింది. బూట్ల అడుగున మేకులుంటాయని తెలిసింది. పైన కూర్చున్న జనం చుట్టలు తాగి శాలంతా పొగ నింపేస్తారని విని, "ఊపిరి ఎట్ల ఆడాల పిలగాండ్లకు? ఆ చుట్టలు అవతలికి పోయి తాగరాదా?" అని మండిపడింది. ఎడ్వినును ఓడించిన పొడుగువాడొకడు ఉన్నాడు. వాడి బొమ్మ కూడా పేపర్లో పడింది. "ఈ పొడుగోడు మోచేయి పెట్టింటాడు, ముఖమే చెప్తాంది" అని తీర్పు చెప్పేసింది. ఆ పొడుగువాడు అక్కడ ఎంత మంచివాడో మనకేం తెలుసు? అభిమానం ఒకరి మీద పుట్టాక న్యాయం అడక్కూడదు.

కాంపౌండులో వాళ్ళకు కూడా ఇదొక సాకయింది. వరమ్మతో ఏం మాట్లాడాలో తెలియక ఆరు నెలలుగా తప్పించుకు తిరిగినవాళ్ళు ఇప్పుడు బావి దగ్గర, "ఏం వరమ్మా, మీ అమెరికా పిల్లోడు గెల్చినాడా?" అని పలకరించసాగారు. ముసలి గిడ్డమ్మ అయితే ఆ పిల్లవాడికి పెళ్ళి కుదిరిందేమో కనుక్కోమంది.

ఆమె మారిందనుకున్నారు అందరూ. మారలేదు. ఎడ్విను గెలిచాడంటే ఆమెకు సంతోషమేమీ కలగలేదు. ఒక టపాకూ ఇంకో టపాకూ మధ్య రోజులు ఎటో గడిచిపోయేవి, అదొక్కటే లాభం. పక్కన ఓబన్న పడుకుని కప్పుకేసి చూస్తుంటే, ఆమె కళ్ళు మూసుకుని చెక్కపలకల చుట్టూ ఆ పిల్లవాణ్ణి తిప్పేది. వాడు తిరుగుతున్నంతసేపూ లేవి గుర్తుకు రాడు.

ఏప్రిల్లో వచ్చిన పేపర్లో, చలికాలపు పందేలన్నిటికీ పెద్ద పందెం వచ్చే శనివారం జరగబోతోందని, ఎడ్విను, పొడుగువాడు ఇద్దరూ దిగుతున్నారని ఉంది. ఆ పూటనుంచి వరమ్మ వంటకు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేయసాగింది. ఆ చర్చి సంఘంలో ఆడవాళ్ళు మొక్కున్నప్పుడు అలాగే చేస్తారు. పోగైన పిడికెడు బియ్యాన్ని ఆదివారం చర్చిలో బల్ల ముందు పెట్టి, ఎవరి కోసం ప్రార్థన చేయాలో చెబుతారు. జ్వరమొచ్చిన బిడ్డకో, ఈనని బర్రెకో చేయిస్తారు.

ఆ ఆదివారం, సంఘానికి ప్రార్థన నడిపే గాబ్రియేలు ఉపదేశి ముంత అందుకుని, "ఎవరి కోసరమమ్మా?" అని అడిగాడు.

"ఎడ్విను కోసరం. శనివారం పందెముండాది. వాడు పడకుండ గీత దాటల్ల."

గెలవాలని ఆమె అనలేదు. ఆ సంగతి ఓబన్న ఒక్కడే గమనించి తల వంచుకున్నాడు.

గాబ్రియేలు నాలుగు ముక్కలు చదువుకున్నవాడు. "అమ్మా, ఆ పేపరు రెండు నెలల కిందటిది గదా? ఆ శనివారం ఎప్పుడో పాయె. వాడు గెల్చిండేదో ఓడిండేదో అంతా అయిపోయింటాది. ఇప్పుడు ప్రార్థన చేస్తే చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్లే" అన్నాడు. ఎవరితో అంటున్నాడో గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

గిడ్డమ్మ కూర్చున్నచోటే మెడ సాచి, "ఓడ మనకు ఆలీసమయితాది గానీ దేవునికి అయితాదా అప్పా? ఈ పొద్దు మనం అడగబోతామని ఆయప్పకు ఆ శనివారమే తెలిసింటాది. చెయ్యి, ప్రార్థన చెయ్యి" అంది. గాబ్రియేలు ముంతను బల్ల ముందు పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. అమెరికాలో ఏనాడో ముగిసిన పందెంలో ఎడ్విను పడకుండా ఉండాలని కడప ఎండలో సంఘమంతా ఆమెన్ చెప్పింది.

పెద్ద పందెం కబురు మే నెలలో వచ్చింది. దొరసానమ్మ వరండాలో కూర్చుని పేపరు విప్పి, చదువుతూ చదువుతూ మధ్యలో మడిచేసింది.

"చదువమ్మా" అంది వరమ్మ.

"అతడు ఓడిపోయెను."

"బొమ్మ ఉండాదా?"

దొరసానమ్మకు అబద్ధం చెప్పడం చేతకాదు. పేపరు ఇచ్చింది. బొమ్మలో పొడుగువాడు ఎక్కడో ముందున్నాడు. వెనక పలకల మీద ఎడ్విను బోర్లా పడి ఉన్నాడు. ఒక చెయ్యి ముందుకు చాచి ఉంది.

వరమ్మ ఆ చెయ్యి మీద వేలు పెట్టింది. "ఎవురన్నా పోయి లేపినారా?"

"లేదు. కడపటి చుట్టులో పడెను. అయితే తానే లేచెను! అందరి వెనుక వచ్చెను గాని తన కాళ్ళమీదనే గీత దాటెను. జనులందరు నిలువబడి చప్పట్లు కొట్టిరి." దొరసానమ్మ ముఖం వెలిగింది. "దేవుడు నీ ప్రార్థన ఆలకించెను, వరమ్మా."

మంచి మనసుతో అన్న మాటే. కొన్ని మాటలు మంచి మనసుతో అన్నా తగలకూడని చోట తగులుతాయి.

"లేసినాడా" అంది వరమ్మ.

పేపరు బల్ల మీద పెట్టి మెట్లు దిగింది. ఆమెకు కలిగింది దుఃఖం కాదు, కుళ్ళు. సముద్రాల అవతల ఎవరో తల్లి, ఆమె కొడుకు పడ్డాడు, లేచాడు. చప్పట్లు కూడా కొట్టారట. ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుని పలకల చుట్టూ తిప్పుకున్నవాడు తనవాడు కాదు, ఎవరివాడో. తనవాడు లేవలేదు. ఆ మాట తనకు తాను చెప్పుకోవడం ఆమెకు అదే మొదటిసారి.

ఓబన్న నిమ్మచెట్టు పాదులోకి నీళ్ళు మళ్ళిస్తున్నాడు. ఆమె ఎండలో చెప్పుల్లేకుండా వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏమయ్యా. ఆ అమెరికా పిల్లోడు పడి లేసినాడంట."

"మంచిదే గదా" అన్నాడు ఓబన్న.

"మనోడు లేయలే."

ఓబన్న పార కింద పెట్టాడు. "లేయలే" అన్నాడు.

"నన్ను ఎన్నితూర్లు పిల్చినాడు?"

"పిల్చలేమ్మే."

"అబద్ధం చెప్పాకు. నేను తట్టుకుంటా, చెప్పు. వాయి దించి వస్తా అంటి. అంతసేపూ పిల్చింటాడు."

"యేసుప్రభువు తోడు, పిల్చలే." ఓబన్న మెడలోని తువ్వాలుతో నోరు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. "పిలగాండ్లు నీకు చెప్పేదానికి పోతాంటే వాడే వద్దన్యాడు. 'అమ్మకు చెప్పాకండ్రా. నూనె చట్టి ముందర ఉండాది, గాబరాపడి లేసి ఒళ్ళు కాల్చుకుంటాది' అన్యాడు. ఆ మాటే. ఇంగ మాట్లాడలే. వాండ్లలో ఒగడు వినకుండ నీ కాడికి వచ్చినాడు."

వరమ్మ నిలబడినచోటే తడి పాదులో కూలబడింది. నోరు తెరిచింది. అప్పుడు వచ్చిన శబ్దానికి దొరసానమ్మ వరండా దిగి పరిగెత్తుకొచ్చింది. గిడ్డమ్మ చేద బావిలో వదిలేసి వచ్చింది. గాబ్రియేలు చర్చిలోంచి వచ్చాడు. ఊరుకోమ్మా, ఊరుకో అంటూ అందరూ దగ్గరికి రాబోయారు.

ఓబన్న రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "ఎవురూ రావాకండి" అన్నాడు. "ఏడవనీండి ఆమెను."