గట్టు లేని సముద్రం

అల్లాబక్షు రక్తం వడకట్టే ఫిల్టరును ఎడమ చేత నిలువుగా పట్టుకొని, కుడి అరచేత్తో మృదువుగా చరుస్తున్నాడు. గొట్టాల్లో సెలైన్ పారుతూనే ఉంది గాని, పారదర్శకమైన ఆ స్తంభం పైఅంచున ఒక గాలిబుడగ మొండిగా అంటుకొని ఉంది. మరి రెండు దెబ్బలకు అది కదిలి, జారి, మాయమైంది. అప్పుడు గాని ఆయన తల ఎత్తలేదు.

నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలసిస్ విభాగంలో ఆయన టెక్నీషియన్. పొట్టి మనిషి. మెడ కాస్త ముందుకు వంగి ఉంటుంది. మందునీళ్ళలో నాని వేళ్ళ కొసలు పాలిపోయి ముడతలు పడ్డాయి. అల్లూరులో దూది ఏకే ఇంట పుట్టి, ఇంటర్లో సైన్సు చదివి, ఈ మిషన్ల నడుమనే జుట్టు నెరిపించుకున్నాడు. చెప్పుకోదగిన సంఘటన ఏదీ ఆ జీవితంలో లేదు. ఒక్క అలవాటు మాత్రం ఉంది. ఒక చెయ్యి కదపకుండా నాలుగు గంటలు పడుకోవలసిన వారికి, ఆ పూట ఫోనులో ఏ సినిమా చూడాలో ఆయనే చెబుతాడు.

చెప్పేవన్నీ ఒకే తరహావి. బొమ్మలు గీసి తీసిన సైన్సు కల్పనలు. అందుకు ఆయన దగ్గర కారణం ఉంది. మనుషులు నటించే సినిమాల్లో తింటారు, తాగుతారు, వానలో తడుస్తారు. మూత్రపిండాలు చెడినవారికి రోజంతటికీ దక్కేవి కొలిచిన నీళ్ళు. ఒకప్పుడు ఒక లారీ డ్రైవరు ఇక్కడ పడుకొని వానల సినిమా చూసి వెళ్ళాడు. దప్పికకు తాళలేక నీళ్ళు తాగేసి, తరువాతి విడతకు ఒళ్ళంతా నీరు పట్టి, ఊపిరాడక వచ్చాడు. నాటి నుంచి అల్లాబక్షు నియమం పెట్టుకున్నాడు: తెర మీద నీళ్ళు కనబడరాదు. అంతరిక్షంలో వాన లేదు. సెలవునాడు ప్రతి చిత్రాన్నీ ముందుగా తాను చూస్తాడు, ధ్వని తీసివేసి. శూన్యంలో శబ్దం ప్రయాణించదు కనుక పేలుళ్ళ మోత ఎలాగూ అబద్ధమే. వెలుగూ నీడా నిజంగా ఉన్నాయా అన్నదే ఆయన పరీక్ష. భార్య కరీమున్నీసా తొంగిచూసి, "ఒక్క మనిషన్నా లేడే దీంట్లో!" అని వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

"అంకుల్, మీరు చెప్పిన గాజు ఊరి సినిమా మా హాస్టలంతా చూసినారు," అంది కిటికీ పక్క మంచం మీది మెర్లిన్, డిగ్రీ చదివే అమ్మాయి. "కథ మాత్రం ఏందో అర్థం కాలా."

"కథ ఎవురు చూడమన్యారు? పొద్దుగూకేటప్పుడు ఆ గోడల్లో రంగులెట్టా మారినాయో చూసినావా?"

"చూసినా. ఒళ్ళు జలదరించింది."

"అదీ! ఈ పూట ఇసక గ్రహం చూడు. రెండు చందమామలు. ప్రతిదానికీ రెండు నీడలు పడతాయి. గీసినోడు యాడా లెక్క తప్పలా."

పక్క మంచం పోలేరయ్యది. ఇసకపల్లిలో చేపలు పట్టేవాడు. వెడల్పాటి భుజాల నడుమ ఛాతీ లోపలికి కుంగిపోయింది. సూదులు గుచ్చవలసిన చేతికి భార్య అంకాలమ్మ అమ్మవారి తోరం బిగించి కట్టింది. అల్లాబక్షు దాన్ని తెంచలేదు. విప్పి రెండో చేతికి కట్టాడు.

"అమ్మవారికి రెండు చేతులూ ఒకటేలేమ్మా," అన్నాడు. "పోలేరన్నా, నీకు ఇనప పక్షుల సినిమా పెట్టేదా?"

"నీ ఇనుమూ వద్దు, ఇసకా వద్దు. సముద్రం పెట్టు భాయ్."

"నీళ్ళు నేను పెట్టనని తెలుసు గదా. అయినా మీ ఇంటి ముందరే గదన్నా సముద్రం?"

"గట్టు మింద కూర్చోని చూసేది సముద్రమా? అది దాని కొంగు. గట్టు కనపడనంత లోపలికి పోతే గదా సముద్రం! సూదులు గుచ్చేదానికని చేతికి ఈ ఆపరేషను చేసినాక నన్ను పడవ ఎక్కనీరు." పోలేరయ్య ముఖం అటు తిప్పుకున్నాడు. "పెట్టకపోతే బేస్తవారం రాను. పండుకోని పండుకోని ఇసుగొచ్చింది."

"ఉత్తమాట కాదన్నా," అంది అంకాలమ్మ మెల్లగా. "ఈ పొద్దే ఆటో ఎక్కనని గుంజ పట్టుకున్యాడు."

మానేస్తే ఎన్నాళ్ళుంటాడో ముగ్గురికీ తెలుసు.

"చూస్తే దప్పికవుద్దన్నా," అన్నాడు అల్లాబక్షు.

పోలేరయ్య మంచం ఊగేలా నవ్వాడు. "సముద్రం లేని ఊళ్ళో పుట్టినోడివి గదా, నీకేం తెలుస్తాది! ఉప్పునీళ్ళు చూస్తే ఎవురికన్నా దప్పికవుద్దా? నడిసముద్రంలో చుట్టూరా నీళ్ళే, తాగేదానికి క్యాను అడుగున రవ్వంత. దప్పికను నోరు మూసుకోని కూర్చోబెట్టేది నాకు నేర్పిందే అది."

తన నియమం ఒక్క లారీ డ్రైవరు మీద నిలబడి ఉందని అల్లాబక్షుకు తోచింది. దాన్ని మరెన్నడూ పరీక్షించి చూడలేదు. అటువంటి నమ్మకం ఇంకొకరిదైతే దానికి తాను ఏ పేరు పెట్టేవాడో కూడా తోచింది.

ఆయన ఎవరికీ చెప్పకుండా దాచుకున్న చిత్రం ఒకటి ఉంది. నేలన్నదే లేని గ్రహం. ధ్రువం నుంచి ధ్రువం దాకా నీరే. తాను చూసినవాటన్నిటిలో అందమైనది అదే. ఫోనును సెలైన్ కడ్డీకి బిగించి, దాన్నే పెట్టాడు.

మొదటి అల లేచేసరికి పోలేరయ్య ముఖం మీద నీలికాంతి పాకింది. కొండంత నీటిగోడ లోపల వెలిగే జీవులు గుంపులుగా తిరుగుతున్నాయి. దాని నెత్తిన ఒంటరి ఓడ. సూదులు లేని అతని చెయ్యి దుప్పటి అంచును చుక్కానిలా పట్టుకుంది.

"గీసినోడెవడో పడవెక్కినోడే, భాయ్," అన్నాడు. "ఎనక నుంచి వచ్చే అలకు బయపడినాడు. ముందర దానికి కాదు."

"ఇది నాకెప్పుడూ చెప్పలేదే, అంకుల్!" అని మెర్లిన్ మెడ సాచింది.

విడత ముగిశాక సూదులు తీసి, దూది నొక్కిపట్టి, బరువూ బీపీ చూశాడు అల్లాబక్షు. రెండూ ఉండవలసిన చోటే ఉన్నాయి.

"బేస్తవారం వస్తన్యా," అన్నాడు పోలేరయ్య, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "ఇదే పెట్టాల. ఇంకోటి పెట్టినావా, కోపం వస్తాది."

"రా అన్నా. ఇట్టాంటివి ఇంకా ఉండాయి, ఎతికి పెడతా," అన్నాడు అల్లాబక్షు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో సందేహమేమీ లేదు.

మధ్యాహ్నం అంకాలమ్మ ఫోను చేసింది. ఏడవడం లేదు.

"కొడవలూరు దాకా ఆ గట్టు లేని ఊరి సంగతే చెప్పినాడన్నా. తర్వాత నా బుజాన తల ఆనించినాడు. నిద్రపోయినాడనుకున్యా. అల్లూరులో లేపితే లెయ్యలా."

అల్లాబక్షు మిషన్‌లో ఉదయపు అంకెలన్నీ మళ్ళీ చూశాడు. తప్పు లేదు. ఇటువంటి రోగుల గుండె ఒక్కోసారి చెప్పకుండా ఆగిపోతుంది. ఆయన చదివాడు, చూశాడు. సినిమాను నిందించడానికి ఆధారమేమీ లేదు. ఆ నాలుగు గంటల్లో అతనికి దప్పిక వేసిందో లేదో మాత్రం అడగలేదు. ఇక అడగడానికి మనిషి లేడు.

తరువాతి రోగి కోసం దుప్పటి మార్చడానికి వంగాడు. మంచం తలవైపు బల్ల మీద, గోడకు ఆనుకొని, మూతపెట్టిన చిన్న స్టీలు గ్లాసు ఉంది. ఆ పూట పోలేరయ్య తాగడానికని అంకాలమ్మ ఇంటి వద్దనే కొలిచి పోసి తెచ్చి, తిరిగి తీసుకెళ్ళడం మరచిపోయింది. మూత తీశాడు. లోపల మేకుతో గీసిన గీత దాకా నీళ్ళు, ఒక్క గుక్కయినా తగ్గకుండా, కదలకుండా ఉన్నాయి.