పళ్ళాల్లో మొలవని పురుగు

"ఏమీ మొలవలేదంటే ఏమీ లేదనా అర్థం? మనిషి ఇరవై రోజులుగా జ్వరంతో కాలిపోతుంటే జబ్బే లేదని రాసిచ్చింది మీరే కదా సార్!"

ల్యాబులో గాజు పళ్ళాలు కడిగే అక్క, రిపోర్టు తెచ్చి పెద్దసారు బల్ల మీద కొట్టింది. అది చూసే కబేళా మేనేజరు ఆమె తమ్ముణ్ణి "నాటకాలు ఆపి రేపొద్దున పనిలోకి రా, లేదంటే అసలు రావద్దు" అన్నాడు. వాడికేమో మెట్టెక్కితే ఆయాసం, నిలబడితే వణుకు.

పెద్దసారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. జవాబు తోచనప్పుడల్లా ఆయన కళ్ళజోడుకు మురికి పడుతుంది.

"వాడి రక్తం పళ్ళెంలో వేసి, ఏడు రోజులు మంచి మేతేసి వెచ్చగా పెట్టాం. ఒక్క చుక్కా లేదు. పురుగుంటే మొలవదటమ్మా?"

"మొలవదు! వాడు చూలు పశువుల గర్భసంచులు ఎత్తిపోసేవాడని చెప్పానా లేదా? అక్కడ అంటుకునే పురుగు మీ పళ్ళెంలో పెరగదు. ప్రాణమున్న కణంలో దూరాలి. దాని కొవ్వు తినాలి, దాని సరుకు కాజేయాలి, అప్పుడే పిల్లల్ని పెడుతుంది. సొంతానికి చెంచా కూడా లేని దరిద్రం! ఇల్లరికపు సోమరిని నడివీధిలో కూర్చోబెట్టి, 'వీడు లావెక్కలేదు, కాబట్టి వీడు లేనే లేడు' అన్నట్టుంది మీ శాస్త్రం."

పక్క బల్ల దగ్గర టెక్నీషియను కిసుక్కుమన్నాడు.

"పళ్ళాలు కడిగేదానివి, నాకు పాఠాలా?"

"పన్నెండేళ్ళుగా మీరు పారేసిన పుస్తకాలే చదివాను సార్. మీరూ చదివి పారేసి ఉంటే బాగుండేది."

ఆమెకు పురుగు మీద కూడా ఇంత రోత పుట్టలేదు. దానికి వేరే బతుకు లేదు. ఈయనకు ఫోనుంది, రక్తం పంపడానికి పెద్ద ల్యాబుంది, బుర్ర కూడా ఉందని ప్రచారం.

"సంతకమయ్యాక మార్చడం పద్ధతి కాదు," గొణిగాడాయన.

"ఆ పురుగు వాడి గుండె కవాటాల్ని పట్టేశాక మారుస్తారా?"

ఆయన జేబులోని పెన్ను లాగి, ఆయన చేతిలోనే పెట్టింది.

"రాయండి. 'ఈ పరీక్షతో జబ్బు లేదని చెప్పలేం.' వాడి రక్తం ఇప్పుడే పెద్ద ల్యాబుకు పంపండి, ఈ పురుగు మీద ఒళ్ళు పుట్టించిన ప్రతిరక్షకాలు వెతకమనండి. ఫలితం వచ్చేదాకా కూర్చోవద్దు. డాక్టరుకు ఫోన్ చేసి, కణం లోపలికెళ్ళి కొట్టే మందు ఇవాళే మొదలుపెట్టమనండి. మేనేజరుకు కాగితం నేనే పట్టుకెళ్తాను. ఊఁ, కానివ్వండి!"