జగన్నాథపురం వాల్వు యాంపు

నేను ఒక గిటారు యాంప్లిఫయరుని. యాంపు అంటే చాలు. పాతదాన్ని, బరువైనదాన్ని, స్విచ్చి వేశాక నిమిషం సేపు ఆగితే గానీ నోరు విప్పనిదాన్ని. ఈ మూడూ నా మీద వచ్చిన ఫిర్యాదులే. మూడూ నిజమే. ఒక్కదానికీ క్షమాపణ చెప్పే ఉద్దేశం మాత్రం నాకు లేదు.

నా పనేమిటో తెలియనివాళ్ళ కోసం ఓ మాట. ఎలక్ట్రిక్ గిటారు తీగను ఉత్తినే మీటితే దోమ పాటంత చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వైరు గుండా నాలోకి చేరుతుంది. నాలో ఎర్రగా వెలిగే గాజు వాల్వులు దాన్ని పెంచి, స్పీకరులోంచి బయటికి పంపుతాయి. పంపేటప్పుడు కాస్త గరుకు, కాస్త వెచ్చదనం నా సొంతవి కలుపుతాను. ఎవరూ అడక్కపోయినా కలుపుతాను. ఆ కలిపినదానికే ఈ కాలంవాళ్ళు ‘టోన్’ అని పేరు పెట్టి, దాని గురించి పొద్దస్తమానం వాదించుకుంటున్నారు.

నేను పుట్టింది కాకినాడ జగన్నాథపురంలో, దానయ్య రేడియో రిపేరు షాపులో. పంతొమ్మిది వందల డెబ్భై మూడు, వానాకాలం. అప్పుడే లాజరు మేస్టారు రాగమాలిక ఆర్కెస్ట్రా పెట్టారు. ఆయన దగ్గర గిటారు ఉంది, దాన్ని జనానికి వినిపించే సాధనం లేదు. మైకు సెట్టుకు తగిలిస్తే రైల్వే స్టేషన్లో ప్రకటన చదివినట్టు వచ్చేది. “ఏదో ఒకటి చేసి పెట్టవయ్యా దానయ్యా” అని రోజూ షాపు ముందు బల్ల మీద కూర్చునేవారు. దానయ్య అంతకు ముందు గిటారు యాంపును కంటితో చూసినవాడు కాదు. అయినా కుదరదనడం ఆయనకు చేతకాదు.

నా ఒళ్ళు ఓడరేవులో యంత్రాలు దింపాక మిగిలిన ప్యాకింగ్ చెక్క. నా స్పీకరు మూతబడ్డ సినిమా హాల్లో తెర వెనక నుంచి వచ్చింది. వాల్వులు నాలుగు చచ్చిన రేడియోలు దానం చేసినవి. ముందున్న చారల గుడ్డ దానయ్య భార్య పరుపు కుట్టగా మిగిల్చినది. ఇన్ని ఇళ్ళ సొమ్ముతో పుట్టాను కాబట్టి నాకు ఇంటిపేరు లేదు.

ఇక అసలు సంగతి. నాకు కరెంటు అందించే ట్రాన్స్‌ఫార్మరును దానయ్య చేత్తోనే చుట్టాడు. ముప్పాతిక వంతు చుట్టేసరికి రాగి తీగ అయిపోయింది. మర్నాడే కచేరీ. ఆయన అటూ ఇటూ చూసి, ఫ్యాను మోటార్ల కోసం తెచ్చిన సన్న తీగతో మిగతా చుట్లు పూర్తి చేశాడు. పైన కాగితం చుట్టి, లక్కపూత పూసి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

లాజరు మేస్టారు వచ్చి ఒక్కసారి గట్టిగా మీటారు. సన్న తీగలోంచి అంత కరెంటు ఒక్కసారిగా రాలేకపోయింది. నా గొంతు క్షణం పాటు కుంగి, మళ్ళీ నిండుగా పైకి లేచింది. మేస్టారు చెయ్యి ఆపి దానయ్య వంక చూశారు.

“తీగ సరిపోలేదు మేస్టారూ. సన్నది వేసేశానండి. ఓ వారం టైమిస్తే విప్పి మళ్ళీ చుడతానండి” అన్నాడు దానయ్య, ముఖం చిన్నబుచ్చుకుని.

“విప్పావంటే ఊరుకోను. అది ఊపిరి పీల్చుకుంటోందయ్యా. అలాగే ఉండనీ” అన్నారు మేస్టారు.

నా లోపమే నా గొంతు అని తేలింది అప్పుడే. అప్పటి నుంచి నన్ను బాగుచేస్తామని వచ్చిన ప్రతి మెకానిక్కునూ మేస్టారు గుమ్మంలోంచే పంపించేశారు.

తర్వాత ముప్పై అయిదేళ్ళు నేను తిరగని పందిరి లేదు. నా నెత్తి మీద కాఫీ గ్లాసులు పెట్టారు. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ నన్ను ఆసనం అనుకుని కూర్చుని, పాట మొదలవగానే ఎగిరి అవతల పడ్డాడు. ఎండల్లో చెమట పట్టాను, తుఫానులో తడిశాను. ఎన్నడూ కచేరీ మధ్యలో నోరు మూసుకోలేదు. మనుషులు పాట బాగున్నప్పుడు గాయకుణ్ణి పొగుడుతారు, బాగులేనప్పుడు సౌండు బాగోలేదంటారు. అదీ అలవాటైపోయింది.

మేస్టారి చివరి శిష్యురాలు కెజియా. పదకొండేళ్ళ వయసులో నా ముందు స్టూలు మీద కూర్చుని మొదటి పాఠం నేర్చుకుంది. ఇప్పుడు ఎరువుల కంపెనీ లేబొరేటరీలో ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు చర్చిలోనూ, మిగతా సెలవుల్లో ఆర్కెస్ట్రాలోనూ వాయిస్తోంది. నేను ఎక్కడ కుంగుతానో, ఎంతలో లేస్తానో ఆమె చేతికి తెలుసు. తీగ మీటి, నేను లేచేదాకా ఆగి, అప్పుడు తర్వాతి స్వరం వేస్తుంది. ఆ ఆగడం మేస్టారు నేర్పినది. వేరే యాంపు ముందు ఆమె అలా ఆగితే అక్కడ ఖాళీ తప్ప ఏమీ ఉండదు.

మేస్టారు పోయాక ఆర్కెస్ట్రా చక్రధర్ చేతికి వచ్చింది. ఆర్కెస్ట్రా ఆస్తిగా నేనూ వచ్చాను. చక్రధర్ చెడ్డవాడేమీ కాదు. గిటారు బాగా వాయిస్తాడు. అయితే చేతిలో ఉన్న గిటారు కంటే రాబోయే వస్తువు మీదే ఆయనకు ధ్యాస ఎక్కువ. ‘టోన్ మండలి’ అనే వాట్సాప్ గ్రూపు ఆయనదే. రెండు రాష్ట్రాల గిటారు పిచ్చివాళ్ళు మూడొందల మంది అందులో ఉన్నారు.

పోయిన ఏడాది వేసవిలో ఏదో విదేశీ కంపెనీ ఒక ఫొటో వదిలింది. నల్లగుడ్డ కప్పిన ఓ పెట్టె, గుడ్డ కింద నుంచి చిన్న నీలం వెలుగు, ‘త్వరలో’ అని ఒక్క మాట. నాలాంటి వందల రకాల యాంపుల గొంతులను లెక్కలు కట్టి, ఇటుకంత డబ్బాలో పెట్టే డిజిటల్ మోడలింగ్ యంత్రమట అది. ఇక మండలిలో గోల మొదలైంది. ఒకాయన గుడ్డ మడతలు లెక్కపెట్టి లోపల ఎనిమిది బటన్లున్నాయన్నాడు. ఇంకొకాయన బల్ల చెక్క వెడల్పును బట్టి పెట్టె కొలతలు తీశాడు. నీలం వెలుగు ఎడమ పక్కన ఉంది కాబట్టి దసరాకి విడుదల అని మూడో ఆయన తేల్చేశాడు. ఎలా తేలిందో ఎవరూ అడగలేదు. తణుకు నుంచి రామ్మోహన్ అనే ఆయనకైతే సింగపూర్‌లో ఎవరో తెలిసినవాళ్ళున్నారు. లోపలి కబురంటూ రోజుకొకటి మోసుకొచ్చేవాడు. పెట్టె ఇంకా పుట్టలేదు, దానికి జాతకం రాసేశారు.

చక్రధర్ ఇవన్నీ తన ఇంటి పెరట్లోని రిహార్సల్ షెడ్డులో, నా ఎదురుగానే, పైకి చదివి వినిపించేవాడు. ఒకనాడు ఫోను పక్కన పెట్టి నన్ను కాలితో తట్టాడు.

“అది వచ్చాక ఈ దున్నపోతును మొయ్యక్కర్లేదు. శనివారం పాత సామాన్ల అప్పన్నని రమ్మన్నాను. పట్టుకుపోతాడు” అన్నాడు.

కెజియా ముఖం పాలిపోయింది. “అదింకా రానే లేదు కదన్నా” అంది.

“వచ్చినట్టే. షెడ్డు ఖాళీ చేసి ఉంచుకోవద్దూ?”

రాని అల్లుడి కోసం ఉన్న కొడుకును బయటికి పంపించినట్టుంది వ్యవహారం. నాకు కోపం వచ్చింది. నాకు కోపం వస్తే సన్నగా గుర్రుమంటాను. వాళ్ళు దాన్ని ఎర్తింగ్ లోపం అంటారు.

ఆ ఆదివారం పొద్దున్న, చర్చికి వెళ్ళే ముందు, కెజియా ఒక్కతే షెడ్డుకు వచ్చింది. మేస్టారు కట్టిన ఒక చిన్న వరస వాయించి ఫోనులో రికార్డు చేసుకుంది. నేను వెళ్ళిపోయాక వినడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. నిమిషం కూడా లేదు ఆ ముక్క. మండలిలో పెట్టి, ‘ఎలా ఉంది?’ అని రాసింది. అంతకు రెండు నిమిషాల ముందే రామ్మోహన్ ఒక సందేశం పెట్టి ఉండడం ఆమె చూడలేదు. ‘కొత్త పెట్టె ఆడియో లీకైంది, కాసేపట్లో గ్రూపులోకి వస్తుంది’ అని.

ఇంకేముంది! దాని కిందే ఇది పడింది. పెట్టిందెవరో చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. పది నిమిషాల్లో మండలి ఊగిపోయింది. ‘ఇదీ డిజిటల్ అంటే’ అన్నారు. ‘వాల్వుల పని అయిపోయింది’ అన్నారు. స్వరం కుంగి లేచే చోటును పట్టుకుని, ఇలాంటి లెక్క ఇంతవరకు ఏ కంపెనీకీ కుదరలేదని ఓ ఇంజినీరు పేజీన్నర రాశాడు. ఆ లెక్క దానయ్యకు ఎలా కుదిరిందో నేను చెప్పగలను, నన్నెవరూ అడగలేదు. ముక్క చివర పొడుగ్గా, వణుకుతూ పైకి లేచే ఒక కూత ఉంది. స్పీకరు మోత మళ్ళీ తీగల్లో దూరితే వచ్చే కూత అనుకుని, దానికి ‘అదుపులో ఉంచిన ఫీడ్‌బ్యాక్’ అని పేరు పెట్టి అందరూ నెత్తిన పెట్టుకున్నారు. సాయంత్రానికి ఆ ముక్క దేశాలు తిరిగి, ‘చాలాసార్లు ఫార్వర్డ్ అయినది’ అనే ముద్రతో కెజియా ఫోనుకే తిరిగొచ్చింది. ఆమె నవ్వుకుంది. నిజం రాయబోయి, ఆగింది. శనివారం దాకా ఆగుదామనుకుంది.

శనివారం పొద్దున్న ఆర్కెస్ట్రా అంతా షెడ్డులో చేరారు. గేటు దగ్గర అప్పన్న తోపుడు బండి ఆగి ఉంది. చక్రధర్ ఆ ముక్కను పెద్ద స్పీకర్లలో పెట్టి చెయ్యెత్తాడు.

“వినండి. రేపటి సౌండ్ ఇది. ఆ చివర చూడండి... అదిగో! ఆ కూత ఏ వాల్వు యాంపులోనైనా వస్తుందా?”

సరిగ్గా అప్పుడే ఆయన భార్య ఝాన్సీ టీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలోకి వచ్చింది.

“అది మన కుక్కరండీ” అంది.

“ఏంటీ?”

“మన కుక్కరేనండీ బాబూ. గాస్కెట్ పోయి నెల్లాళ్ళ నుంచి అలాగే ఊళ వేస్తోంది. మార్చమని ఎన్నిసార్లు చెప్పాను మీకు? గిటారులో ఏ తీగ తెగినా ఎక్కడున్నా వినపడుద్ది, వంటింట్లో కుక్కరు మాత్రం వినపడదు.”

డ్రమ్ములాయన పగలబడి నవ్వాడు. కెజియా నవ్వలేదు. లేచి, వైరు నాకు తగిలించి, స్విచ్చి వేసింది. నిమిషం ఆగింది. తర్వాత అదే వరస వాయించింది. నేను కుంగాల్సిన చోట కుంగాను, లేవాల్సిన చోట లేచాను. యాభై ఏళ్ళలో అంత పంతంగా నేనెప్పుడూ పలకలేదు. ఎవరికీ సందేహం మిగలలేదు.

చక్రధర్ ముఖం ఎర్రబడింది. అప్పుడైనా ఒక్క మాట ఒప్పుకుని ఉంటే నేను ఆయన్ను క్షమించేదాన్ని.

“సౌండు బాగుందనే కదా నేనూ అన్నది! కాదన్నానా? కానీ వ్యానులో చోటు లేదు. అందరిలో అన్న మాట, వెనక్కి తీసుకోను. ఇది మాత్రం వ్యానెక్కదు” అన్నాడు.

“సరే అన్నా. ఇదెక్కని వ్యాను నేనూ ఎక్కను” అంది కెజియా.

ఆర్కెస్ట్రాలో పదహారేళ్ళు వాయించిన పిల్ల. ఆ మాటతో తను ఏం పోగొట్టుకుంటోందో ఆమెకు బాగా తెలుసు. అప్పన్న వచ్చి నన్ను ఎత్తబోయి, “ఓర్నాయనో, దుక్కలా ఉందండి!” అన్నాడు. కెజియా రెండో పక్క పట్టింది. పాత ఇనుము కొట్టుకు పోవాల్సిన బండి మీదే, డొక్కు సైకిలు పక్కన కూర్చుని, నేను ఊరేగింపుగా ఆమె ఇంటికి వెళ్ళాను.

దసరాకి పెట్టె రాలేదు. సంక్రాంతి దాటాక వచ్చింది. చక్రధర్ అందరికంటే ముందు తెప్పించాడు. మండలిలో మూడు రోజులు సందడి, నాలుగో రోజు నుంచి గొణుగుడు. ‘లీకైన సౌండు ఇందులో లేదేం?’ అని ఒకరు. ‘తీసేశారు, తర్వాతి అప్‌డేట్‌లో ఇస్తారు’ అని ఇంకొకరు. వందమంది సంతకాలు పెట్టి, ఆ సౌండు తిరిగి ఇమ్మని కంపెనీకి అర్జీ పంపారు. చక్రధర్ నోరు మెదపలేదు. కెజియా ఉండబట్టలేక రాసింది. ‘అది కంపెనీది కాదండీ. లాజరు మేస్టారి యాంపు. జగన్నాథపురంలో మా ఇంట్లో ఉంది. వచ్చి వినండి.’ కింద నలభై నవ్వు బొమ్మలు పడ్డాయి. ‘ఫేక్’ అని ఒకాయన తీర్పు చెప్పేశాడు.

ఆర్కెస్ట్రా నుంచి ఫోను రాలేదు. పోర్టు ఉద్యోగుల వార్షికోత్సవానికి కెజియా లేకుండానే వెళ్ళారు. ఆ రోజు ఆమె గిటారు ముట్టలేదు. నా మీద చెయ్యి వేసి ఊరికే కూర్చుంది. ఆ చెయ్యి బరువు నాకు భరించరానిదిగా ఉంది. ఇంతకు తెగించి నన్ను తెచ్చుకుంది, నేనేమో పలకరించడానికైనా ఎవరో ఒకరు మీటాల్సిన వస్తువుని.

మొన్న ఆదివారం, చర్చి నుంచి ఆమె వచ్చేసరికి గుమ్మం దగ్గర ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. నలిగిన చొక్కా, వీపున గిటారు, చేతిలో బస్సు టిక్కెట్టు. బెరుగ్గా నమస్కారం పెట్టాడు.

“నా పేరు రామ్మోహనండి. తణుకండి. ఆ సింగపూర్ కబుర్లు... అవన్నీ నేనేనండి. ఆ సౌండు ఇక్కడుందని రాశారు. నిజమేనాండీ?”

కెజియా తలుపు తీసింది. లోపలికి తీసుకొచ్చి, నా ముందు స్టూలు వేసింది. ఆయన వైరు తగిలించి, వెంటనే మీటబోయాడు.

“ఆగండి. నిమిషం పడుతుందండి” అంది కెజియా.

నల్లగుడ్డ కప్పిన పెట్టె కోసం తొమ్మిది నెలలు ఎదురుచూసిన మనిషి, నా ఎదుట చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నా వాల్వులు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి. ఆ నిమిషంలో ఒక్క క్షణం కూడా నేను తగ్గించలేదు.