హాస్యం వంత

"ఒక్క యాభై టీలే కదా హైమా. దానికింత మొహం పెట్టడమేంటి" అన్నారు మా ఆయన, సెల్‌ఫోన్లో చూసుకుని కండువా సర్దుకుంటూ. నేను మొహం పెట్టింది టీలకి కాదండి. బుర్రకథలో వంత పాడాల్సిన పిల్ల నాగదుర్గ ఇంకా రాలేదు. ఆ మాట ఆయనకి చెప్పాలంటే భయమేసి, కమ్యూనిటీ హాలు వెనక గదిలో కూర్చుని అల్లం దంచుతున్నాను.

మా ఆయన సత్యప్రసాద్ గారు మా కాకినాడలో రేవు కాలనీ యువ కళాసమితికి ప్రెసిడెంటు. రొయ్యల షెడ్లకీ, హార్బరు పనికీ పోయే పిల్లల్ని సాయంత్రాలు కూర్చోబెట్టి చదువూ, ఆటా పాటా నేర్పించడం సమితి పని. మంచి పనేనండి, కాదనను. కానీ బుర్రకథ నేర్పడానికి పెట్టిన మాస్టారు మధ్యలోనే మానేశారు. అప్పట్నుంచీ నేర్పేది నేను, మా వంటింట్లో. మా నాన్న అప్పాజీ బుర్రకథ దళంలో హాస్యం వంత. అంటే కథ చెప్పేవాళ్ళ పక్కన నిలబడి, గుమ్మెట వాయిస్తూ, తందాన పాడుతూ, జనాన్ని నవ్వించే మనిషన్నమాట. చిన్నప్పుడు ఆయన వెనకాలే తిరిగి నేనూ నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక మా అత్తగారు రత్నమాణిక్యం గారు "ఆ దరువులు మనింట్లో వద్దమ్మా, నలుగురూ నవ్వుతారు" అన్నారు. గుమ్మెట అటకెక్కింది. మళ్ళీ ఈ పిల్లల కోసమే దింపాను. ఉల్లిపాయలు తరుగుతూనే పాట చెప్తుంటే ఆవిడ "టిఫిన్ పెట్టి పంపెయ్, వంటింట్లో ఈ మందేంటి" అంటారు. మా ఆయనేమో మీటింగుల్లో "మా ఆవిడ కూడా టీలవీ అందించి సహకరిస్తుందండి" అంటారు. అప్పుడు అందరూ చప్పట్లు కొడతారు.

హాస్యం వంతకి ఒక హక్కుందండి. కథని మధ్యలో ఆపి ఎవర్నైనా, ఏదైనా అడిగెయ్యొచ్చు. ముందు కలెక్టరు గారు కూర్చున్నా సరే, కోప్పడకూడదు. నవ్వి ఊరుకోవాలి. అది బుర్రకథ పుట్టినప్పట్నుంచీ ఉన్న ఆనవాయితీ అనేవారు నాన్న.

ఈరోజు సమితి వార్షికోత్సవం. మెర్సీ కథ చెప్తుంది. రమ్యశ్రీ ఒక వంత, నాగదుర్గ హాస్యం వంత. కథ వాళ్ళు రాసుకున్నదే, ఐసు నీళ్ళల్లో రొయ్యలు ఒలిచి వేళ్ళు నాని పాసిపోయిన ఆడపిల్లల కథ. మెర్సీ వాళ్ళమ్మ దీనమ్మ నిన్న మా గుమ్మం బయటే నిలబడి చెప్పింది. "రేపొచ్చి చూత్తానమ్మగారూ. నా కూతురు టేజీ ఎక్కి నాలుగు మాటలు చెప్పగలిగితే ఇంటరు చదువుకోనీండి. లేదా, ఎల్లుండి నుంచి నాతోపాటు షెడ్డుకే. ఊరికే తిరగడానికి నేను పెంచలేను."

రాత్రంతా ఆ మాటే నా చెవుల్లో ఉంది.

అల్లం ఇంకా దంచుతూనే ఉన్నాను, రమ్యశ్రీ రొప్పుకుంటూ వచ్చింది. "ఆంటీ, నాగదుర్గని వాళ్ళ మావయ్య షెడ్డు వ్యాను ఎక్కించేశాడంట. లోడు ఎక్కువొచ్చిందంట. సాయంత్రం దాకా వదలరంట."

మా ఆయన విననే విన్నారు. "వంత లేకుండా బుర్రకథేంటి. ఆ ఐటెం తీసెయ్యండి. సన్మానాలకి టైము కలిసొస్తుంది" అని, మూలన తయారై కూర్చున్న మెర్సీ వైపు తిరిగి, "బాధపడకమ్మా, నువ్వు బొకేలు అందిద్దువుగాని" అన్నారు. ఎంతో ప్రేమగానే అన్నారండి. నాకూ పెళ్ళయిన కొత్తలో, దరువులు మానెయ్యమని అంత ప్రేమగానే చెప్పారు.

మెర్సీ ఏడవలేదు. నావైపు చూసి, కాళ్ళకి కట్టుకున్న గజ్జెలు విప్పడం మొదలెట్టింది.

తలుపు సందులోంచి చూస్తే వెనక వరసలో దీనమ్మ. ఒళ్ళో షెడ్డులో తలకి పెట్టుకునే టోపీ ఉంది. కూతురి కోసం తెచ్చిందేమో కొత్తది.  నాగదుర్గ బదులు నేను ఎక్కితే? గొంతు రాకపోతే? పిల్లలకి చెప్పడం వేరు, మైకు ముందు నిలబడ్డం వేరు. ముందు వరసలో అత్తగారు. ఈ వయసులో ఈ గెంతులేంటని రేపు బజారంతా అనుకుంటే? ఆయన ఇంటికెళ్ళాక తిట్టరు, మాట్లాడ్డం మానేస్తారు, అదింకా కష్టం. ఎక్కకపోతే ఏమవుతుంది, ఏమీ అవదు, యాభై టీలు అవుతాయి. మెర్సీ రెండో కాలి గజ్జె ముడి విప్పుతోంది. పాలు పొంగుకొస్తున్నాయి.

గ్యాసు కట్టేశాను.

"కట్టుకోవే ఆ గజ్జెలు" అన్నాను. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, నాగదుర్గ కోసం తెచ్చిన నాన్న గుమ్మెట మెడలో వేసుకున్నాను.

స్టేజీ మీద మొదటి తందాన నాకే వినపడలేదు. రెండోదానికి గొంతు పెగిలింది. మెర్సీ చెప్తుంటే హాలు సద్దుమణిగింది. కథ ఐసు నీళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆడవాళ్ళు పైట చెంగులు కళ్ళకద్దుకున్నారు. తర్వాత మా ఆయన పట్టుబట్టి రాయించిన ముక్క వచ్చింది. మెర్సీ రాగం తీసింది, "తిండీ నిద్రా మాని మన ప్రెసిడెంటు గారూ, మన కోసమే పాటుపడ్డారూ..."

తందాన అనాలి నేను. అనలేదు. గుమ్మెట మీద చెయ్యి ఆపేశాను.

"ఆగాగమ్మా మెర్సీ. తిండి మానేశారా ఆయన?"

మెర్సీ ఒక్క క్షణం బిత్తరపోయింది. అంతలోనే కళ్ళు మెరిశాయి. "అవునే వంతా, మానేశారు."

"మరి పొద్దున్న ఆ నాలుగు పెసరట్లూ ఎవరు తిన్నట్టు?"

హాల్లో మొదట నవ్వింది దీనమ్మ. తర్వాత ఇంకెవరూ ఆగలేదు. ముఖ్య అతిథి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మా ఆయన కండువా పట్టుకుని అటూ ఇటూ చూసి, నవ్వారు. నవ్వక తప్పదు కదండి.

"సరేగానీ వంతా, ఆ పెసరట్లు వేసిందెవరే? ఈ పాట మాకు నేర్పిందెవరే?" మెర్సీ అడిగింది. ఈ ముక్క మేం ప్రాక్టీసు చెయ్యలేదు.

 దీనమ్మ ఒళ్ళో టోపీ మడిచి సంచిలోకి తోసేసింది. మా ఆయన కుర్చీలోంచే నాకు సైగ చేశారు, టీలు ఏమయ్యాయని.

నేను మైకు దగ్గరకి జరిగాను.

"నేనేనండీ" అన్నాను.