నక్షత్రశాలలో గురక

ఆ కుర్చీలు తయారుచేసినవాడెవడో కనిపిస్తే నాలుగు మాటలు అడిగేవాణ్ణి. కూర్చోగానే వెనక్కి వాలిపోతాయి. నెత్తిమీది గోపురం మొత్తం కనపడాలని అలా పెట్టారట. రాత్రంతా బేకరీ పొయ్యి ముందు నిలబడి రొట్టెలు కాల్చిన మనిషిని మధ్యాహ్నంపూట అందులో పడేస్తే ఏమవుతుందో వాళ్ళకి తట్టలేదు సరే, నాకైనా తట్టాలి కదా.

మా అమ్మాయి ఆ నక్షత్రశాలలో టికెట్ల కౌంటర్లో కూర్చుంటుంది. గోపురం కింద మైకు పట్టుకుని చుక్కల గురించి చెప్పే ఆవిడ ఉద్యోగం మానేసింది. ఆ చోటు ఎవరికివ్వాలా అని ఆలోచనలో పడ్డ డైరెక్టరుగారు మా అమ్మాయిని ఒకసారి చెప్పి చూడమన్నారు. బాగా చెబితే మైకు దానిది. తడబడితే మళ్ళీ కౌంటరే.

నేనూ వస్తానంటే మొదట వద్దంది. తర్వాత మెత్తబడింది.

"సరే, రా నాన్నా. నువ్వొస్తున్నట్టు అక్కడెవరికీ చెప్పలేదు. చివరి వరసలో కూర్చో. నీ మొహం కనపడితే నాకు మాట రాదు."

ఆ రోజు పగలు నేను పడుకోనే లేదు. గడ్డం గీసుకున్నాను, చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను, గోళ్ళలో ఇరుక్కున్న పిండిని పుల్లతో గీకి తీశాను. మన పెళ్ళికి కూడా ఇంత ముస్తాబు కాలేదు కదా అని మా ఆవిడ దెప్పి, తన డ్యూటీకి తను వెళ్ళిపోయింది.

లోపల దీపాలు ఆరిపోయాయి. గోపురం నిండా చుక్కలు పొడిచాయి. "ఇప్పుడు మనం ఊళ్ళో దీపాలన్నీ ఆర్పేశాం అనుకోండి," అని మా అమ్మాయి గొంతు మొదలైంది. ఎక్కడా తడబాటు లేదు. నా ఛాతీ రెండింతలైంది. నాకు గుర్తున్నది అంతవరకే.

మాది ఒంటిగది ఇల్లు. కిటికీకి దుప్పటి కట్టి పగలంతా నేను పడుకుంటే, మా అమ్మాయి గుమ్మంలో వెలుతురు పడేచోట కూర్చుని పాఠాలు పైకి చదువుకునేది. ఎక్కాల దగ్గర్నుంచి డిగ్రీ పుస్తకాల దాకా దాని గొంతు వింటూనే నిద్రపోయాను. ఈ చుక్కల కథ కూడా నా మంచం పక్కనే వల్లె వేసింది. శనిగ్రహం వచ్చేదాకా నేనెప్పుడూ మెలకువగా ఉన్న పాపాన పోలేదు. చీకటి, నడుం వాల్చే చోటు, దాని గొంతు. నాకు నిద్రపట్టడానికి ఇంకేం కావాలి?

నవ్వులకి మెలకువ వచ్చింది. ముందు వరసలో ఎవరో పిల్లలు నాలాగే గుర్రుమని గురక పెట్టి ఇకిలిస్తున్నారు.

"శనిగ్రహం మీద పెనుగాలులు వీస్తాయని చెప్పాను కదా. అవి మీకు ఇక్కడే వినిపిస్తున్నాయి," అంది మైకులో మా అమ్మాయి. జనం పగలబడి నవ్వారు. "ఆయనతో ఎవరైనా వచ్చి ఉంటే కాస్త లేపండి."

నాతో ఎవరూ రాలేదు. నేను వచ్చింది దానికోసం.

కోపం రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. కన్నకూతురి నోటి దగ్గరి ముద్ద నేనే తన్నేశానేమోనని భయమేసింది. మిగతాదంతా కళ్ళు విప్పార్చుకునే విన్నాను గానీ ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

అయిపోయాక అందరినీ మేడమీదికి తీసుకెళ్ళారు. అక్కడ నల్ల అద్దం బిగించిన టెలిస్కోపులో సూర్యుణ్ణి చూపిస్తారు. తప్పించుకుందామనుకున్నాను, గుంపు నన్నూ పైకి తోసుకుపోయింది. టెలిస్కోపు దగ్గర మా అమ్మాయి, పక్కన డైరెక్టరుగారు. లోపల నా వరసలోనే కూర్చున్నట్టున్నారు, నన్ను చూడగానే ఆయన నవ్వారు.

"ఏం పెద్దాయనా, నిద్ర బాగా పట్టిందా? ఎవరితో వచ్చారు?"

మా అమ్మాయి ఒక అడుగు నా వైపు వేసింది. "సార్, ఆయన..." అంది.

"ఎవరూ లేరండీ," అన్నాను గబగబా. "ఒక్కణ్ణే వచ్చాను. ఎండకి తాళలేక లోపల దూరాను."

డైరెక్టరుగారు దాని వైపు తిరిగారు. "కంగారు పడకుండా నవ్వించి నెట్టుకొచ్చావమ్మా. రేపట్నుంచి మైకు నీదే."

గండం గట్టెక్కించానని దాని మొహంలోకి చూశాను. సంతోషం ఏ మూలా లేదు. నా భుజం మీదికి రాబోయిన చెయ్యి వెనక్కి వెళ్ళి టెలిస్కోపు మరని తిప్పుతోంది. నా వంతు వచ్చింది. కన్ను ఎక్కడ పెట్టాలో చూపించడానికన్నట్టు వంగి, నా చెవిలో అంది.

"చెప్పబోయాను నాన్నా. నువ్వే చెప్పనివ్వలేదు."

సూర్యుడూ కనపడలేదు, ఏదీ కనపడలేదు. కళ్ళు తుడుచుకుని వెనక్కి తిరిగాను.

"ఇందాక అబద్ధం చెప్పానండీ. ఈ పిల్ల నా కూతురు. చిన్నప్పట్నుంచీ దీని గొంతు వింటేనే నాకు నిద్ర. దీని తప్పేం లేదు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. డైరెక్టరుగారు మాత్రం నవ్వలేదు. మా అమ్మాయి వైపు చూశారు.

"మీ నాన్నగారినా అందరిముందూ అలా అన్నావు?"

దాన్ని కాపాడబోయి నలుగురిలో నిలబెట్టేశాను. "చీకట్లో ఏం కనపడుతుందండీ, పాపం, గుర్తుపట్టి ఉండదు," అని అడ్డం పడ్డాను.

మా అమ్మాయి తల వంచుకుంది. వంచుకునే నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

"గుర్తుపట్టాను సార్," అంది. "మొదటి గురకకే గుర్తుపట్టాను."