జేగురుబొట్టు

మేఘములు పడమటికొండల మీదికి గుంపులు గుంపులుగా వచ్చియు చినుకైన రాల్పక మరలిపోవుచుండిన యాషాఢమాసపు వేకువ యది. రాత్రి యెల్ల వీచిన గాలి యణగిపోగా ఆకసమున నిలిచిన యెర్రని ధూళి పలుచని తెరవలె వెలగలదుర్గమను నగరమును కప్పియుండుటచే ప్రాకారములును సౌధశిఖరములును నేలనంటక మబ్బులలో తేలుచున్నట్లు కనబడుచుండెను. పింగళావతీనది విశాలసైకతముల నడుమ సన్నని నీటిపాయయై నిదురలో నడచువారివలె తూలుచు సాగుచుండెను. పక్షులు సైతము కూయుటకు దప్పికచే జంకుచున్నవో యనునట్లు ఆ వేళ యంతయు నిశ్శబ్దమై స్వప్నశేషమువలె నుండెను.

వాన మొగము చూడక ఆ రాజ్యమునకది మూడవయేడు. ప్రజావత్సలుడగు మాచభూపాలుడు కోట నాలుగు వాకిళ్ళయందును గంజిశాలలు పెట్టించి వేకువజామునుండియే దీనజనులకు గంజి పోయించుచుండెను. ఆ వ్యయభారమంతయు కోశాధ్యక్షుడైన దేచనామాత్యుని తలపై నుండెను. దేచనామాత్యుడు కఠినహృదయుడు కాడు. కాని దినదినమును తరిగిపోవు ధనరాశి యతని కన్నులకు కునుకు రానీయకుండెను. తూర్పువాకిట త్రాగినవారు పడమటివాకిట మరల త్రాగుచున్నారని భటులు విన్నవింపగా అతడొక యుపాయము పన్నెను. గంజి పుచ్చుకొన్న ప్రతివారి నుదుటను నూనెలో మేదించిన యెర్రని జేగురుమట్టితో పెద్దబొట్టు పెట్టవలయును. అది సాయంకాలము వరకు చెదరదు. అంతటితో తృప్తినొందక గంజిలో గింజల కొలతను కొంత తగ్గించెను. వ్యయము తగ్గినది. రాజు మెచ్చుకొనెను.

నాటి వేకువ నతడు నదిలోని చెలమలను చూచి వచ్చుటకై సామాన్యవస్త్రములు ధరించి యొంటరిగా బయలుదేరెను. పొగమంచువంటి యా ధూళిలో నీటియొడ్డున నొక స్త్రీ కూర్చుండియుండెను. ఆమె ప్రక్కన మూతవేసిన ముంత యొకటి కలదు. ఆమె తడియిసుకను పిడికిట పట్టి నుదుటిని మరల మరల రాచుకొనుచుండెను. ఎర్రని నీరు చెక్కిళ్ళపై జారెను. అందు జేగురెంతయో నెత్తురెంతయో తెలియకుండెను. పిదప నామె కొంగుముడి విప్పి చిటికెడు కుంకుమ తీసి నీటిలో మొగము చూచుకొని బొట్టు దిద్దుకొని ముంత యెత్తుకొని లేచెను.

దొంగ చిక్కినదని దేచనామాత్యుడు తలపోసి యడుగుల చప్పుడు కానీయక వెంబడించెను. కాని యామె పడమటివాకిలి దారి పట్టక సాలెవాడలో ప్రవేశించి యొక పూరియింటి ముంగిట నిలిచెను. అతడు ముందునకు వచ్చి యడ్డగించెను.

"ఏమమ్మా, గంజిశాల బొట్టు నేల చెరిపివేసితివి?"

ఆమె యతని వ్రేలి యుంగరమును చూచి రాజనగరివాడని గుర్తించెను. ఆమె పేరు లక్కమ. భర్త మారన నూలు బేరమునకై సముద్రతీరమునకు పోయి యేడాది దాటినను కబురు లేదు. ఇంట ముదుసలియగు మామ మాత్రము కలడు.

"మా మామ చూస్తాడయ్యా" అని యామె మెల్లగా పలికెను. "ధర్మగంజి అని తెలిస్తే గుక్కెడు కూడా ముట్టడు. నూలు వడికి గింజలు కొంటున్నానని చెప్పుకొస్తున్నాను. శిక్ష వేస్తే నాకు వేయండి. ఆయన చెవిన మాత్రం ఈ మాట పడనీయకండి."

అతడు బదులు చెప్పకమున్నే లోపలినుండి వృద్ధకంఠము వినబడెను. "వాకిట్లో ఎవరమ్మా?"

"దారిన పోయేవారు మామా."

"బాటసారిని ఎండలో నిలబెట్టి మాట్లాడతారటమ్మా? లోపలికి రమ్మను."

దేచనామాత్యుడు తనకే తెలియని యేదో వశమున గడప దాటెను. లోపల చల్లని చీకటిలో మగ్గము నిలిచియుండెను. సగము నేసిన వస్త్రముపై చూరుసందుల నుండి పడిన వెలుగుచుక్కలు కదలుచుండెను. ఎముకలగూడై చాపపై నొరిగియుండిన మామ బయ్యప చేయి యూత చేసికొని లేచి కూర్చుండెను.

"కరువు రోజులు నాయనా. పప్పూ పులుసూ అడగకు. ఉన్నది ముగ్గురం పంచుకుందాం."

లక్కమ గంజిని మూడు మూకుళ్ళలో వంచెను. తన మూకుటిలోనిది మామ చూడకుండ మరల నా ముసలివాని మూకుటిలోనికే వంపుట నమాత్యుడు కనెను. అతడు త్రాగెను. గొంతు దిగినది గోరువెచ్చని నీరు. దానియడుగున నాలుకకు తగిలిన గింజలు లెక్కింపదగినంత కొలదిగా నుండెను. తన యాజ్ఞకెట్టి రుచి కలదో యతడు మొదటిమారు తెలిసికొనెను.

"మా వంశంలో ఒకరి ముందు చేయి చాచినవాడు లేడు. నా కోడలి కష్టం వల్ల ఆ మాట ఇంకా నిలిచింది" అని బయ్యప మీసము దువ్వుకొనెను. "నగరిలో పనిచేసేవాడిలా ఉన్నావు. గంజికి పోయినవారి నుదుట రంగు పూస్తున్నారట, నిజమా?"

"నిజమే."

"మందలో కలిసిపోకుండా గొర్రెకు పూస్తారు. మనిషికెందుకు పూయడం?"

అమాత్యుడు మూకుటిని నేలపై దించెను. వృద్ధుడు కోడలి నుదుటివంక చాలసేపు చూచెను. "ఎండకు పొక్కినట్టుంది తల్లీ. కాస్త నూనె రాసుకో" అని మాత్రమనియెను. అతనికి సర్వము తెలియునో యేమియు తెలియదో దేచనామాత్యుడు నాడును తేల్చుకొనలేకపోయెను, పిమ్మటను తేల్చుకొనలేకపోయెను.

అతడు నగరికి మరలుచుండగా వీథులును మేడలును నీటియడుగున నున్నట్లు కన్నులయెదుట చలించెను. ఎదురైన ప్రతివాని నుదుటను జేగురే కానవచ్చెను. సభకు పోయి రాజునకు మ్రొక్కి నిలిచెను.

"దేవా, గంజిశాలలయందలి బొట్టును మాన్పింపవలయును."

"అది నీ యుపాయమే కదా."

"నాదియే. దానిచే వ్యయము తగ్గినమాట నిజము. ఆకలిగొనియు సిగ్గుచే నిల్లు కదలనివా రెందరో యుండుటచేతనే తగ్గినది."

"రెండుమారులు త్రాగువారిని ఎట్లు పట్టుకొందువు?"

"పట్టుకొనను. పలుచని గంజి వారికి చాలలేదని గ్రహించి చిక్కగా పోయింతును."

"కోశము చాలునా?"

"యువరాజపట్టాభిషేకమునకై దాచినదియు తీసినచో వాన పడువరకు రావచ్చును. వాన జాగు చేసినచో రాదు."

రాజు గవాక్షమునుండి నిర్మేఘమైన యాకసమును చూచెను. ప్రక్కనున్న యువరాజు తల వంచుకొనెను. తుదకు మాచభూపాలుడు "చిక్కగా పోయింపుము" అనియెను.

మరునాటినుండి బొట్టు లేదు. ఆ వార్త ప్రాకినకొలది మూసియుండిన తలుపు లొక్కటొక్కటిగా తెరచుకొనెను. సాలెవారును కుమ్మరులును పిల్లలకు చదువు చెప్పు నయ్యవార్లును తలలు వంచుకొని తొలుత నొకరును పిమ్మట పదుగురును వచ్చిరి. కలవారి సేవకులును కొందరు వారితో కలిసి వచ్చిరి. దేచనామాత్యుడు వారి నెరిగియు వెడలగొట్టింపలేదు. సంపన్నుని వెదకు కన్ను పేదనే ముందుగా గాయపరచునని యతనికి తెలిసియుండెను.

ఒకనాడు లక్కమ భుజము నూతగా గొని బయ్యప తానే గంజిశాలకు వచ్చి యెవరినేమియు నడుగక పంక్తిలో కూర్చుండెను. కొంతసేపటికి ప్రక్కన నిలిచి చూచుచున్న యమాత్యుని గుర్తుపట్టి జరిగి చోటు చేసెను.

"మా ఇంటికి వచ్చినవాడివి గదా. ఇటు కూర్చో నాయనా. ఇవాళ గంజి చిక్కగా ఉంది."

దేచనామాత్యుడు కూర్చుండెను. లక్కమ కొంగుతో కన్నులొత్తుకొని మొగము త్రిప్పుకొనెను. ఆమెయు నానాడు కడుపునిండ త్రాగెను.

వాన జాగు చేసెను. శ్రావణము పోయెను. ధనపు పెట్టెలు వెలితియై తామును అమ్ముడు పోయెను. రాణివాసపు నగలును పోయెను. భాద్రపదమున కోశాగారమునందు కావలివాడు తప్ప మరేమియు మిగులలేదు. మారన జాడ యింకను తెలియలేదు.

అప్పుడొక యపరాహ్ణమున తూర్పున నుండి నల్లని మేఘము లేచి చూచుచుండగానే నగరముపై విరిగిపడెను. ధారలు నేలనంటగనే లేచిన మట్టివాసనకు జనులు దిగ్భ్రాంతులై వీథులలోనికి పరుగెత్తి తడిసి మరల చూరులు వెదకికొనిరి. దేచనామాత్యుడు గొడుగు లేక కోశాగారమునకు వచ్చునప్పటికి బార్లా తెరచియున్న యినుపతలుపుల లోపల తల్లులును ముసలివారును తలదాచుకొనియుండిరి.

"వెళ్ళగొట్టమంటారా అయ్యా?" అని కావలివాడడిగెను.

"వాన వెలిసిన పిమ్మట వారే పోదురు. ఉండనిమ్ము."

అతడు గడపయొద్ద నిలిచి తడిసిన యుత్తరీయమును పిండుకొనెను. ఒకప్పుడు బంగారుపెట్టె యుండిన చోట రాతినేలపై దుమ్ముపట్టని నలుచదరపు గురుతు నున్నగా మెరయుచుండెను. దానినడుమ నెవరో పాతచీర పరచి పసిబిడ్డను పరుండబెట్టియుండిరి. బయట నాకాశము కూలుచున్నట్లు వాన కురియుచున్నను ఆ శిశువు పిడికిళ్ళు విప్పి నిదురించుచుండెను.